ఎండిన చెరువు పక్కన లేఅవుట్ వేసే ముందు

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడుతుంది కాబట్టి, మూడు నాలుగేళ్లు వరుసగా నీరు చేరని చెరువులో కంప చెట్లు మొలిచి, అది చూసేవారికి బీడులాగే కనిపిస్తుంది. అందువల్ల పచ్చని కాలనీ కట్టదలచినవారు అక్కడ నీరు ఉందా లేదా అని కాక, నీరు ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుందో ముందుగా తేల్చుకోవాలి.

గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) నకళ్లు తీసుకుని, వంక (వాగు) పోరంబోకుగా, చెరువు పోరంబోకుగా, అంటే ప్రభుత్వ భూమిగా నమోదైన సర్వే నంబర్లను గుర్తించాలి. ఆ తరువాత మరువ (నిండిన చెరువులో మిగులు నీరు పొర్లిపోయే కట్టు) ఎత్తుకు సమానమైన మట్టాన్ని సర్వేయరు చేత చెరువు చుట్టూ రాళ్లు పాతించి గుర్తు పెట్టిస్తే, పూర్తి నీటిమట్టపు హద్దు నేల మీదే కనిపిస్తుంది. అక్కడ గొర్రెలు కాసిన పెద్దలను అడిగితే పటానికి ఎక్కని పిల్ల వంకలు కూడా తెలుస్తాయి.

2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలమన్నాయి. వెడల్పు 10 మీటర్లు దాటిన వంకకు 9 మీటర్లు, అంతకు లోపు ఉంటే 2 మీటర్లు. ఈ రెండు మీటర్లు చాలవని నా అభిప్రాయం, ఎందుకంటే సీమ వాన ఏడాదంతా ఊరించి ఒక్క రాత్రిలో కుమ్మరిస్తుంది. వంకను పైపులోకి మళ్లించడం, దాని మీద రోడ్డు వేయడం అసలే కూడదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369లోనే చెరువుకు చేరే నీరు కొరవడడాన్ని ఆరు దోషాల్లో ఒకటిగా లెక్కించింది. ఎగువ వంకను పూడ్చినవారు చెరువును ముట్టకుండానే ఆ దోషాన్ని తెచ్చిపెడతారు. మరువ దిగువ కాలువను మూస్తే కింది ఊరి చెరువుకు అదే గతి.

ఒక ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు లక్ష లీటర్లవుతుంది. అదంతా సిమెంటు మీద పరుగెత్తకుండా రోడ్ల పక్కన గడ్డి కాలువలు, ఇంకుడు గుంతలు, చెరువులో కలిసేచోట ఒండ్రు నిలిచే గుంట ఏర్పాటు చేయాలి. మురుగును మాత్రం శుద్ధి చేశాక కూడా నేరుగా వదలక, జమ్ము పెంచిన మడుల గుండా పంపడం మేలు. ఒడ్డుకు రాతి గోడ కట్టవద్దు. కొంగలు నిలబడి మేసేది వాలుగా ఉన్న లోతు తక్కువ నీటిలోనే.

రోడ్లకు తారు వేయక ముందే ఒక పెద్ద వానను గొడుగు పట్టుకుని చూసి, నీరు ఆగిన చోట్లను సున్నంతో గుర్తు పెట్టి, పటంలోని ప్లాట్లను దాని ప్రకారం జరపండి.