వోల్టేజీ దించి కరెంటు ఆదా చేయాలంటే ముందు చివరి మీటరు దగ్గరికి వెళ్లండి

ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఇళ్ల వైపు కరెంటు మోసుకెళ్లే లైను) వోల్టేజీ రెండు మూడు శాతం దించితే యూనిట్లు తగ్గుతాయని తెలియగానే చాలామంది నేరుగా సబ్‌స్టేషన్‌కి వెళ్లి ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని స్టెప్‌లుగా పెంచి దించే అమరిక) మార్చేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. లైను ఆ చివర ఉన్న ఆఖరి కనెక్షన్‌కి, లోడు బాగా ఉన్న వేళ ఎంత వోల్టేజీ అందుతోందో చూడకుండా ఒక్క స్టెప్ కూడా కదపకండి.

అసలు ఎందుకు ఆదా అవుతుందంటే, హీటర్ కాయిల్ లాంటి లోడు తీసుకునే పవర్ వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది, అంటే వోల్టేజీ 3 శాతం దిగితే పవర్ దాదాపు 6 శాతం దిగుతుంది. ఈ లెక్క చూసి సంబరపడకండి, ఎందుకంటే ఎల్ఈడీ డ్రైవర్లు, కంప్యూటర్లు, ఇన్వర్టర్ ఏసీల్లాంటివి వోల్టేజీ తగ్గితే ఆంప్స్ పెంచుకుని తమ పవర్ తాము లాగేసుకుంటాయి. థర్మోస్టాట్ ఉన్న గీజరు ఇంకా గడుసుది, పవర్ తక్కువే తీసుకుంటుంది గానీ నీళ్లు కాగేదాకా ఎక్కువసేపు నడుస్తుంది, చివరికి యూనిట్లు అవే. మోటార్ల సంగతి రెండు రకాలు. తక్కువ లోడు మీద తిరిగే మోటారులో కోర్ నష్టం (ఇనుప కోర్‌లో వేడిగా పోయే పవర్) తగ్గుతుంది కాబట్టి లాభమే, ఫుల్ లోడు మీద తిరిగేది మాత్రం ఎక్కువ ఆంప్స్ లాగి వేడెక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్లలో లోడు లేకపోయినా పోయే నష్టం కూడా కాస్త తగ్గుతుంది.

ఇవన్నీ కలిపి, వోల్టేజీ 1 శాతం దించితే యూనిట్లు ఎంత శాతం తగ్గాయో చెప్పే సంఖ్యని సీవీఆర్ (కన్జర్వేషన్ వోల్టేజ్ రిడక్షన్, అంటే ఆదా కోసం వోల్టేజీ దించడం) ఫ్యాక్టర్ అంటారు. చాలా ఫీడర్లలో అది 0.5కీ 1కీ మధ్య ఉంటుంది. పక్క ఫీడర్ సంఖ్య తెచ్చి మీ ఫీడర్‌కి అంటించకండి, లోడు రకాన్ని బట్టి అది మారిపోతుంది.

ఇక పని. మీ దగ్గర అనుమతించే కనీస వోల్టేజీ ఎంతో చూసుకోండి, కొన్ని దేశాల్లో అది 5 శాతం తక్కువ దాకా, కొన్నిచోట్ల 6, యూరప్‌లో 10. తర్వాత టెయిల్ ఎండ్‌లో, అంటే లైను చివర, వోల్టేజీ రికార్డర్ పెట్టి కనీసం వారం పాటు రీడింగ్ తీయండి, స్మార్ట్ మీటర్లు ఉంటే పని ఇంకా సులువు. ఒకే మీటరుని నమ్మొద్దు. అన్నిటికన్నా తక్కువ వోల్టేజీ వచ్చే ఇల్లు చాలాసార్లు లైను చివర కాకుండా మధ్యలో ఏదో సన్న బ్రాంచి మీద దొరుకుతుంది.

ఒక లెక్క వేద్దాం. 230 వోల్టుల సిస్టంలో మొదట్లో 240, చివర 222 వస్తోంది, కింద హద్దు 216 అనుకుందాం. చేతిలో ఉన్నది 6 వోల్టులే, అందులో కొంత ముందుజాగ్రత్తగా వదిలేస్తే దించడానికి ఏమీ మిగలదు. అందుకే ముందు మొదటికీ చివరికీ ఉన్న ఆ 18 వోల్టుల తేడా తగ్గించాలి. మూడు ఫేజుల మధ్య లోడు సర్దండి, లైను మధ్యలో వోల్టేజీని కాస్త ఎత్తే కెపాసిటర్ బ్యాంకు పెట్టండి (లోడు లేని వేళ వోల్టేజీ పైకి ఎగదోయకుండా ఆన్ ఆఫ్ అయ్యే రకం మంచిది), మరీ సన్నగా ఉన్న కండక్టర్ మార్చండి. ఇదే బోర్ కొట్టే పని, డబ్బు ఖర్చయ్యే పని, ఆదా మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది. వీటివల్ల చివర 228కి చేరిందనుకోండి, ఒక్కో స్టెప్ 0.625 శాతం ఉండే రెగ్యులేటర్‌లో (ఫీడర్ వోల్టేజీని సర్దే పరికరంలో) 5 స్టెప్‌లు దించొచ్చు, అంటే సుమారు 7.5 వోల్టులు. అప్పుడు చివర 220 పైనే ఉంటుంది. ఫ్యాక్టర్ 0.7 అయితే యూనిట్లు 2.2 శాతం తగ్గుతాయి, నెలకి 10 లక్షల యూనిట్లు పోయే ఫీడర్‌లో అది 22 వేలు.

అయిదు స్టెప్‌లూ ఒకేరోజు దించకండి. ఒకటి దించి కొన్ని రోజులు చూడండి. నా అనుభవంలో మొదట వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ట్యాప్ కాదు, కాలిపోయిన జంపరో, తుప్పు పట్టిన జాయింటో, సన్నటి సర్వీసు వైరో అయి ఉంటుంది. అది ఎప్పట్నుంచో ఉన్న రోగమే, మనం దించాక బయటపడింది.

రెగ్యులేటర్ కంట్రోలర్‌లో లైన్ డ్రాప్ కాంపెన్సేషన్ (ఆంప్స్ చూసి లైనులో ఎంత వోల్టేజీ పడిపోతుందో లెక్కగట్టి సర్దే సదుపాయం) ఉంటే తప్పక వాడండి, లోడు పెరిగినప్పుడు అదే పెంచి, తగ్గినప్పుడు దించుతుంది. ఇళ్లమీద సోలార్ ప్యానెళ్లు ఎక్కువుంటే మాత్రం జాగ్రత్త. మధ్యాహ్నం ఫీడర్ మొదట్లో ఆంప్స్ తక్కువ కనిపిస్తాయి, కంట్రోలర్ లోడు లేదనుకుని వోల్టేజీ దించేస్తుంది, ప్యానెళ్లు లేని బ్రాంచి వోల్టేజీ అందక ఎండిపోతుంది. అలాంటి ఫీడర్‌లో చివరి మీటర్ల రీడింగ్ నేరుగా కంట్రోలర్‌కి అందేలా చూడాలి.

ఆదా అయిందో లేదో తేల్చడానికి పోయిన నెల బిల్లునీ ఈ నెల బిల్లునీ పక్కపక్కన పెట్టడం దండగ, ఒక్క చల్లటి వారం వస్తే చాలు, లెక్క తారుమారు. ఒకరోజు దించి, ఒకరోజు మామూలుగా ఉంచి, కొన్ని వారాలు అలా మార్చుతూ ఒకే రకం ఉష్ణోగ్రత ఉన్న రోజుల్ని మాత్రమే పోల్చండి. దించిన మొదటి గంటలో లోడు బాగా పడుతుంది, థర్మోస్టాట్‌లు తేరుకున్నాక కొంత మళ్లీ ఎక్కుతుంది. కాబట్టి ఆ గంట గ్రాఫ్ పట్టుకుని గొప్పలు చెప్పొద్దు.

అన్ని ఫీడర్లలోనూ చేయాలా అంటే, అక్కర్లేదు. అమెరికాలో పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ లాబొరేటరీ 2010లో వేసిన అంచనా ప్రకారం దేశంలోని ఫీడర్లన్నిట్లో చేస్తే ఏడాది వాడకం 3 శాతం చిల్లర తగ్గుతుంది, బాగా లాభమిచ్చే 40 శాతం ఫీడర్లలో చేసినా అందులో 80 శాతం దాకా వచ్చేస్తుంది. కాబట్టి లోడు ఎక్కువగా ఉండి పొడవు తక్కువగా ఉన్నవాటితో మొదలుపెట్టండి, వాటిలో సర్దాల్సిన పని కూడా తక్కువే. సీజన్ మారినప్పుడల్లా టెయిల్ ఎండ్ రీడింగ్ మళ్లీ తీయండి, చలికాలంలో పెట్టిన సెట్టింగ్ ఎండాకాలంలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక నిలవకపోవచ్చు.