ఇంగ్లండ్‌లో స్కూలు గవర్నర్లను జవాబు అడగడం ఎలా?

ఇంగ్లండ్‌లో పిల్లలను చదివిస్తున్న తెలుగువారు స్కూలు గవర్నర్లంటే మన బడుల్లోని యాజమాన్య కమిటీ లాంటివారే అనుకోవడం సహజం. అయితే 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల స్థానాలు తల్లిదండ్రులకే ఇవ్వగా, ఇంగ్లండ్‌లో కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) పరిధిలోని స్కూలు గవర్నర్ల బోర్డులో కనీసం 7 మంది ఉండాలి, వారిలో ఎన్నికైన తల్లిదండ్రులు ఇద్దరుంటే చాలు. ఆ ఇద్దరూ మన తరఫున వాదించడానికి వెళ్లినవారు కారు, నచ్చకపోతే మధ్యలో దించేయడానికి ఓటు వేసినవారికి అధికారమూ లేదు. అందువల్ల బోర్డు మొత్తాన్ని, అదీ రాతపూర్వకంగా అడగడమే పనికొచ్చే దారి.

ముందుగా స్కూలు వెబ్‌సైట్‌లో గవర్నర్ల వివరాలు చూడండి. ఎవరి పదవీకాలం ఎప్పటివరకు, గత విద్యా సంవత్సరంలో ఎవరెన్ని సమావేశాలకు హాజరయ్యారు, ఎవరికి ఏ వ్యాపార ప్రయోజనాలున్నాయి అన్నవి అక్కడ ఉండాలి. భోజనం సరఫరా చేసే కంపెనీలో ఒక గవర్నర్‌కు వాటా ఉంటే అదీ ఆ పట్టికలోకి రావలసిందే.

తరువాత సమావేశాల మినిట్స్, అంటే చర్చల రాతపూర్వక నమోదు, అడగండి. కౌన్సిల్ స్కూళ్లలో, గోప్యమైన అంశాలు మినహా, ఆమోదం పొందిన మినిట్స్‌ను ఆసక్తి ఉన్న ఎవరికైనా చూపించాలి. వాటిని చదివేటప్పుడు తీర్మానాలకన్నా ప్రశ్నలను వెతకడం మంచిది, ఎందుకంటే హెడ్‌టీచర్‌ను నిలదీసి అడగడం గవర్నర్ల ప్రధాన బాధ్యతల్లో ఒకటి. పేజీ తరువాత పేజీ ‘నివేదికను ఆమోదించారు’ అన్న మాటే కనిపిస్తే మీ ఆందోళనకు ఆధారం దొరికినట్టే. అప్పుడు ‘గవర్నర్లు ఏం చేస్తున్నారు?’ అని కాక, ‘గణితం టీచర్ పోస్టు ఖాళీగా ఉండటంపై బోర్డు ఏ సమావేశంలో చర్చించింది, ఏం నిర్ణయించింది?’ అని రాయండి. జవాబు రాకపోతే 2000 నాటి సమాచార స్వేచ్ఛ చట్టం కింద అడగవచ్చు. అది అకాడమీలకూ, అంటే ప్రభుత్వ నిధులతో నడుస్తూ కౌన్సిల్ పరిధిలో లేని స్కూళ్లకూ, వర్తిస్తుంది. గడువు 20 బడి దినాలు లేదా 60 పనిదినాలు, ఏది ముందైతే అది.

గవర్నర్ ప్రవర్తన మీదే ఫిర్యాదైతే, స్కూలు ఫిర్యాదుల విధానం చదివి, సాధారణంగా బోర్డు క్లర్క్‌కు (బోర్డు సమావేశాల పనులు చూసే వ్యక్తికి) పంపాలి. గేటు దగ్గర తెలిసిన గవర్నర్‌ను ఆపి గోడు వెళ్లబోసుకోవాలనిపిస్తుంది గానీ, అలా ముందే విన్నవారు రేపు మీ ఫిర్యాదును విచారించే ప్యానెల్‌లో కూర్చోవడం కష్టమవుతుంది. చిన్న స్కూలులో ఇలా నలుగురికి చెబితే విచారించడానికి మనిషే దొరకడు. అకాడమీలలో ప్యానెల్ విచారణ తప్పనిసరి, అందులో ఒకరు స్కూలు నిర్వహణతో సంబంధం లేనివారై ఉండాలి.

స్కూలులోని దశలన్నీ పూర్తయ్యాకే విద్యాశాఖకు వెళ్లవచ్చు. అక్కడ కథంతా మళ్లీ మొదటినుంచి వినరు, స్కూలు తన విధానాన్ని, చట్టాన్ని పాటించిందా అన్నదే ప్రధానంగా చూస్తారు కాబట్టి, ప్రతి లేఖ ప్రతినీ, పంపిన తేదీనీ మొదటినుంచే భద్రపరచుకోండి.