రెండు చెట్ల మధ్య మంచె: కిర్రు చప్పుడు ఎలా పోయిందంటే

పిల్లల చెట్టిల్లు మోసే మంచె గాలి వీచినప్పుడల్లా కిర్రుమనేది. కిందికి దూరి చూస్తే దూలం కొసన, బోల్టు చుట్టూ చెక్క పొడవునా చీలి ఉంది. చెక్క నాసిరకమేమీ కాదు. గాలికి రెండు చెట్లూ ఒకేలా ఊగవు. దూలాన్ని రెండు వైపులా బిగించేస్తే ఆ లాగుడంతా బోల్టుల మీదే పడుతుంది.

కొత్త దూలం వేశాను. ఒక కొసను చెట్టుకి లావుపాటి బోల్టు ఒక్కదానితో బిగించాను. రెండో కొసను ఉక్కు బ్రాకెట్‌లో ఊరికే కూర్చోబెట్టాను, అటూ ఇటూ జరిగే జాగా వదిలి. పైకి లేవకుండా బ్రాకెట్ పై పట్టీ ఆపుతుంది. 45 డిగ్రీల ఊతకర్ర బిగించిన వైపే పెట్టాను. జారే వైపు కూడా కొడితే కథ మళ్లీ మొదటికే!

చాలామంది బోల్టంటే భయపడి తాడో గొలుసో చుట్టేస్తారు. చెట్టుకి అదే ఎక్కువ చేటు: మాను లావెక్కేకొద్దీ అది బిగుసుకుని, బెరడులోంచి వేళ్లకి ఆహారం దిగే దారి మూసేస్తుంది. చిన్న మేకులు గుత్తిగా కొట్టినా గాయాలు కలిసిపోయి కుళ్లు పట్టొచ్చు.

పలకలకీ మానుకీ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాను. ఏటా చూసి, తగ్గితే పలక అంచు కోసేయాలి.