ఆన్‌లైన్ ఫిట్‌నెస్ గ్రూపుకు ఫీజు తీసుకునే ముందు జాగ్రత్తలు

- చేరే ప్రతి ఒక్కరినీ బీపీ, షుగర్, ఛాతీ నొప్పి, గర్భం, ఈమధ్య ఆపరేషన్ గురించి అడిగి రాయించుకోండి. ఒక్కదానికి అవునన్నా డాక్టర్ సరేనన్నాకే చేర్చుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు పరగడుపున గట్టిగా చేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు. వాళ్లను గ్లూకోజ్ పొడి చేతికందేలా పెట్టుకోమనండి.
- మామూలు వాట్సాప్ గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది. వేళకాని వేళ మెసేజీలు మొదలైతే ఆడవాళ్లు చెప్పకుండానే తప్పుకుంటారు. వాట్సాప్‌లోనే ఉండే కమ్యూనిటీ ప్రకటనల గ్రూపు నయం, అందులో సభ్యుల నంబర్లు ఒకరివొకరికి కనిపించవు.
- ఉచిత జూమ్ 40 నిమిషాలకే తెగుతుంది. వార్మప్‌తో కలిపి 35లో ముగించండి, లేదా డబ్బు కట్టండి.
- మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో ముందే రాసి పంపండి. గొడవలన్నీ అక్కడే.
- సన్నబడ్డవారి ఫొటోలు వాడాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. నోటిమాట చాలదు.