రిసో మీద రెండు రంగుల బొమ్మల పుస్తకం: 16 పేజీలు, 50 కాపీలు

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా, ప్రశ్నపత్రాలు తీసే రిసో (స్టెన్సిల్‌తో ఒక్కోసారి ఒక్కో రంగు అచ్చు వేసే యంత్రం) ఉన్న చోటికి వెళ్లి, బొమ్మ మొదలుపెట్టక ముందే ఏయే రంగుల డ్రమ్ములు (సిరా ఉండే గుండ్రటి పీపాలు) ఉన్నాయో అడగండి. నల్లది ఒక్కటే ఉంటే రంగు కాగితం మీద వేయండి, అదీ అందమే. నీలం, పసుపు రెండూ దొరికితే మొలగొలుకుల వరిమడి పచ్చదనం చేతికొచ్చినట్టే: పసుపు మీద నీలం పడితే చాలు.

ఈ సిరా నూనెది. వేడికి ఆరదు, కాగితం పీల్చుకోవాలి. అందుకే నున్నటి ఆర్ట్ పేపర్ వద్దే వద్దు. 80–100 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లితో, అంటే కోటింగ్ లేని అచ్చు కాగితం, తీసుకోండి. అట్టకు 200 జీఎస్ఎం, అదీ కోటింగ్ లేనిదే.

ఏ4 కంటే ఏ3 మీద తీయడం మేలు. ఒక పుస్తకానికి (ఏ5 సైజు) రెండు ఏ3లు, రెండు వైపులు, రెండు రంగులు: మొత్తం 8 మాస్టర్లు (ఒక్కో వైపుకు, ఒక్కో రంగుకు యంత్రం తయారుచేసే స్టెన్సిల్ పొరలు). ఏ4 అయితే 16 అవుతాయి. 50 కాపీలకు 100 షీట్లు, పాడయ్యేవాటికి మరో 15. మొదటి షీటు ముందువైపు పైన ఎడమ–కుడి పేజీలు 16–1, కింద 14–3. వెనక పైన 2–15, కింద 4–13. రెండో షీటుకు 12–5, 10–7. వెనక 6–11, 8–9. ఏ జత కూడినా 17 రావాలి, రాకపోతే పేజీ తప్పింది.

ప్రతి రంగుకూ విడిగా నలుపు, బూడిద రంగుల్లోనే బొమ్మ గీయాలి, యంత్రం దాన్నే డ్రమ్ములోని రంగులో అచ్చు వేస్తుంది. నిండు నలుపు బదులు 70 శాతం బూడిద చాలు. మిషన్‌లోకి ముందు దూరే అంచు దగ్గర సిరా దట్టంగా ఉంటే కాగితం డ్రమ్ముకు అతుక్కుని చుట్టుకుపోతుంది. చుట్టూ 10 మి.మీ. ఖాళీ వదలండి. రంగులు ఒకటి రెండు మి.మీ. జరుగుతాయి కాబట్టి అక్షరాలు ఒకే రంగులో, 12 పాయింట్లకు తగ్గకుండా ఉండాలి. లేదంటే వత్తుల సందులు సిరాతో పూడుకుపోతాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన వానల్లో, విప్పిన రీమ్ చెమ్మ పీల్చి వంకర తిరుగుతుంది. రెండేసి షీట్లు లోపలికి పోతాయి, రంగులు కుదరవు. అచ్చు వేసే రోజే రీమ్ విప్పండి. ముందు పసుపు. ఒక రాత్రంతా పలుచటి దొంతరలుగా, పైన బరువు లేకుండా ఆరనిచ్చి, తర్వాత నీలం. తొందరపడితే రోలరు తడి సిరాను ఈడ్చి తెల్లటి చోట చారలు గీస్తుంది. వెనకవైపు తీసేముందూ అంతే ఆగాలి.

షీట్లను నడిమికి కోసి మడిచి, ఒకదాంట్లో ఒకటి పెట్టి, పైన అట్ట వేయండి. మడత కాగితం పోగు (నారలు పడుకున్న దిశ) వెంటే పడాలి: షీటును నిలువునా, అడ్డంగా మెల్లగా వంచి చూస్తే, తేలిగ్గా వంగినప్పుడు మడత గీత ఎటుంటే అటే పోగు. అడ్డంగా మడిస్తే వెన్ను పగులుతుంది.

మడత మీద మూడు రంధ్రాలు, మైనం పూసిన అర మీటరు దారం. లోపలి నుంచి నడిమి రంధ్రంలో బయటికి, పైదాంట్లో లోపలికి, లోపల కిందిదాకా వెళ్లి బయటికి, మళ్లీ నడిమిలోంచి లోపలికి. లోపలి నిడుపు దారానికి చెరోవైపు కొసలుంచి ముడేయండి. లోపలి పేజీలు కాస్త బయటికి పొడుచుకొస్తాయి. స్టీలు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో 2–3 మి.మీ. కోస్తే అంచు సమమవుతుంది.