పెళ్లి కార్డులో పాస్టర్ల పేర్ల ముందు ఏం రాయాలి? రెవరెండ్ ఎవరికి, బిషప్‌కి ఏంటి?

మా వైపు చర్చి పెళ్లిళ్లకి కార్డు మేటర్ రాసిపెట్టమని నా దగ్గరికే వస్తారు, చాలా ఏళ్లుగా రాస్తున్నా. ప్రతి సీజన్‌లో అదే తప్పు, బైబిల్ పట్టుకున్న ప్రతి ఒక్కరి పేరు ముందూ "రెవ.డా." తగిలించేయడం. అది మర్యాద అనుకుంటున్నారు, కాదు.

ముందు పిలిచేవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కనే ఎవరిది ఏ సంఘమో రాయండి. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్), సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, ఏదైతే అది. సగం పని ఇక్కడే అయిపోద్ది.

ఈజీగా తేలిపోయేవాళ్లు కొందరుంటారు. ఆర్‌సీఎం గురువులైతే "రెవరెండ్ ఫాదర్", ఆ గుడి ఆయన చూసుకునేదే అయితే పేరు కింద "విచారణ గురువులు" అని వేయాలి. సిస్టర్ గారికి సిస్టరే. హెబ్రోను సహవాసం వాళ్లకి "బ్రదర్" తప్ప ఇంకేం పెట్టొద్దు, అన్ని సంఘాలు కట్టిన భక్త్‌సింగ్ గారినే 2000లో ప్రభువు దగ్గరికి వెళ్లేదాకా బ్రదర్ అనే పిలుచుకున్నారు. సాల్వేషన్ ఆర్మీలో కెప్టెన్, మేజర్ అనే ఉంటాయి, అదేదో మిలిటరీ అనుకుని తీసేయకండి.

ఇక అందరూ పాడుచేసేది రెవరెండ్ దగ్గరే. పాస్టర్ అంటే చేసే పని, లాటిన్‌లో కాపరి అని అర్థం. రెవరెండ్ పని పేరు కాదు, పూజ్యులు అన్నట్టు గౌరవపదం, ఆర్డినేషన్, అంటే సంఘం అధికారికంగా చేసే అభిషేకం, అయినవాళ్లకి వాడేది. సీఎస్ఐలో ముందు డీకన్‌గా (అది తొలి మెట్టు), తర్వాత ప్రెస్బిటర్‌గా (అంటే పూర్తి స్థాయి పాస్టర్‌గా) అభిషేకం చేస్తారు, ఇద్దరికీ రెవరెండ్ వస్తుంది. ఊళ్లో ప్రార్థన నడిపే ఉపదేశికి, సువార్తికుడికి అభిషేకం కాకపోతే రాదు, వాళ్ల సేవ ఎంత పెద్దదైనా సరే.

ఒకసారి పెళ్లికొడుకు మేనమామ పేరు ముందు నేనే అడక్కుండా రెవరెండ్ అని వేయించా. ఆయన ముప్పై ఏళ్లు పల్లె సంఘాన్ని చూసుకున్న ఉపదేశి. కార్డు చేతిలోకి తీసుకుని ఆ పదం మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయారు. "నాకు ఆర్డినేషన్ కాలేదు బాబూ, మా పాస్టర్ అయ్యగారు చూస్తే నేనే చెప్పి వేయించుకున్నాననుకుంటారు" అన్నారు. ఆ రాత్రి నాలుగొందల కార్డుల మీద తెల్ల స్టిక్కర్లు అంటించాం. ఆయన్ని పదిమందిలో తగ్గించింది నేనే కదా అని ఇప్పటికీ బాధగానే ఉంటది.

అందుకే అడగండి, కానీ అడిగే పద్ధతి ఉంది. "మీకు ఆర్డినేషన్ అయ్యిందా" అంటే పరీక్ష పెట్టినట్టుంటది. "అయ్యగారూ, కార్డులో మీ పేరు ఎలా వేయమంటారు" అనండి, చెప్పింది రాసి వాట్సాప్‌లో పంపి ఓకే అనిపించుకోండి. పోయిన ఏడాది ఫ్లెక్సీ చూసి కాపీ కొట్టే డీటీపీ వాళ్లున్నారు, ఆ ఫ్లెక్సీయే తప్పైతే? డాక్టరేట్ ఉంటే రెవరెండ్ ముందు, డాక్టర్ తర్వాత. రెవరెండ్ అని పూర్తిగా రాసినా, "రెవ." అని తుంచినా తప్పు కాదు.

బిషప్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త. సీఎస్ఐ బిషప్‌కి "రైట్ రెవరెండ్", మొత్తం సీఎస్ఐకి పెద్దగా ఉండే మోడరేటర్‌కి "మోస్ట్ రెవరెండ్". ఆర్‌సీఎంలో మన దగ్గర పీఠాధిపతులందరికీ, అంటే బిషప్‌లందరికీ, మోస్ట్ రెవరెండే. ఒకే మాట, ఇక్కడొకలా అక్కడొకలా, అందుకే సంఘం పేరు పక్కన రాయమన్నది. ఆర్‌సీఎంలో పోప్ తర్వాతి పెద్ద హోదా కార్డినల్, ఆ మాట పేరు మధ్యలో వస్తుంది, హైదరాబాద్ అగ్రపీఠాధిపతిగా ఉండగా 2022లో కార్డినల్ అయిన పూల ఆంథోనీ గారిని ఆంథోనీ కార్డినల్ పూల అని రాస్తారు.

ఆడవాళ్లకి వేరే టైటిల్ లేదు. 2013లో నంద్యాల డయాసిస్‌కి (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) బిషప్ అయిన పుష్పలలిత గారు సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్, ఆమెకీ రైట్ రెవరెండే. అభిషేకం పొందిన ప్రెస్బిటర్‌ని "పాస్టరమ్మ" అని వేయడం మాత్రం ఘోరం, ఆ మాటకి మన ఊళ్లలో పాస్టర్ గారి భార్య అనే అర్థం.

బైబిల్లో ఈ టైటిల్స్ ఎక్కడున్నాయి అనేవాళ్లుంటారు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు ఎఫెసు నుంచి పెద్దలను పిలిపిస్తాడు, 28వ వచనానికొచ్చేసరికి వాళ్లనే అధ్యక్షులు అంటాడు. బిషప్ అనే మాటకి మూలం ఆ అధ్యక్షుడే, అప్పట్లో పెద్దా అధ్యక్షుడూ ఒకరే. వాళ్ల మాటలో నిజముంది. అయినా కార్డు అందుకునే మనిషిని వాళ్ల సంఘంలో ఎలా పిలుస్తారో అలా పిలవడమే మన పని.

చివరగా, పెళ్లి జరిపించేవాళ్ల లైను వేసేముందు ఇంకోటి చూసుకోండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందినవాళ్లు జరిపించొచ్చు, ఇండిపెండెంట్ సంఘాల పాస్టర్లకైతే లైసెన్సు ఉండాలి. పేరు ముందు ఎంత పెద్ద టైటిలున్నా లైసెన్సు లేకపోతే సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది పడతారు. అది తేలాకే ప్రూఫ్ ప్రెస్‌కి పంపండి.