బాబుకు పాటీ నేర్పే బొమ్మల పుస్తకం – 2వ పాఠం: ముందు ఒళ్లో, తర్వాతే పాటీ మీద

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? మూడు రోజుల పాటు బాబు ఎప్పుడు ఉచ్చ పోశాడో, ఎప్పుడు కక్క వెళ్లాడో కాగితం మీద రాయమన్నాను. ఆ కాగితాన్ని దగ్గర పెట్టుకోండి, కాసేపట్లో దానితో పనుంది. డైపర్ రెండు గంటలైనా పొడిగా ఉంటోందా, "బంతి తెచ్చి బుట్టలో వెయ్యి" అంటే రెండు పనులూ చేస్తున్నాడా, నిక్కరు తనే కిందికి లాక్కోగలుగుతున్నాడా, కక్క వచ్చే ముందు తలుపు చాటుకు పోతున్నాడా అని కూడా చూడమన్నాను. ఎక్కువ ప్రశ్నలకు జవాబు 'లేదు' అని వస్తే పాటీని, అంటే వాడు కూర్చుని వెళ్లే చిన్న కుర్చీని, ఓ నెల పక్కన పెట్టండి. పుస్తకం మాత్రం ఈ రోజే మొదలుపెట్టొచ్చు.

"పక్కింటి పాప ఎప్పుడో నేర్చేసుకుంది, మావాడు ఇంకా డైపర్‌లోనే ఉన్నాడు" అని టెన్షన్ పడేవాళ్లకు ఒక సంగతి. అమెరికాలో పిల్లల వైద్యుడు టి. బెర్రీ బ్రాజెల్టన్ తన దగ్గరికి వచ్చిన 1,170 మంది పిల్లల వివరాలను 1962లో ప్రచురించాడు. అందులోనూ పాటీ నేర్చుకోవడంలో మగపిల్లలు ఆడపిల్లల కంటే సగటున రెండు నెలలకు కాస్త పైగా వెనకబడే ఉన్నారు. కాబట్టి పాపతో పోలిక వద్దు. ఆ మాటకొస్తే ఇంకో బాబుతోనూ వద్దు.

ఇక పుస్తకం దగ్గరికి వద్దాం. డైపర్ తడిని పీల్చేస్తుంది. ఉచ్చ ఎప్పుడు మొదలైందో, ఎక్కడికి పోయిందో వాడికి తెలియనే తెలియదు. కడుపులో ఏదో అయింది, తర్వాత ఎవరో వచ్చి బట్టలు మార్చారు, వాడికి తెలిసిన కథ అంతే. బొమ్మల పుస్తకంలో ఆ కథకు మొదలూ మధ్యా చివరా కనిపిస్తాయి. ఆట ఆపిన బాబు, నిక్కరు లాక్కున్న బాబు, కూర్చున్న బాబు, చేతులు కడుక్కుంటున్న బాబు. మనం నోటితో ఎంత వివరించినా రెండేళ్లవాడి దగ్గర అది నిలవదు. అదే బొమ్మను ఇరవై సార్లు చూస్తే నిలుస్తుంది.

పుస్తకం ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఒకటే, అందులో తడిపేసుకున్న పేజీ ఉందా అని. మొదటిసారే పాటీలో పోసేసి, అందరి చేతా చప్పట్లు కొట్టించుకునే బాబు కథ చూడ్డానికి బాగుంటుంది. కానీ మీవాడు రేపు నేల తడిపినప్పుడు వాడికి ఆ కథ పనికిరాదు. "అయ్యో, తడిసిపోయింది. తుడిచేద్దాం, మళ్లీ చూద్దాం" అనే పేజీ ఉన్న పుస్తకం దానికి పదింతలు నయం. రెండోది, బొమ్మలో బాబు కూర్చుని ఉండాలి. కొన్ని పుస్తకాల్లో మొదటి పేజీ నుంచే నిలబెట్టేస్తారు. ఈ వయసులో ఉచ్చా కక్కా చాలాసార్లు ఒకేసారి వస్తాయి, పైగా గురి చూసే పని ఇప్పట్లో వాడి వల్ల కాదు. అందుకే ముందు కూర్చోవడమే నేర్పాలి. పాటీ కుర్చీ బొమ్మ మీ ఇంట్లోదానికి దగ్గరగా ఉంటే ఇంకా మంచిది. నొక్కితే ఫ్లష్ చప్పుడు చేసే పుస్తకాలు నాకు నచ్చవు. వాడు బటన్ నొక్కుతూ కూర్చుంటాడు, కథ గాలికి పోతుంది.

ఇప్పుడు అసలు పాఠం. మొదటి వారమంతా పుస్తకం ఒళ్లో చదవండి, మంచం మీద చదవండి, పాటీ దగ్గర మాత్రం వద్దు. చాలామంది పుస్తకం కొన్న రోజే బాబును పాటీ మీద కూర్చోబెట్టి చేతికిస్తారు. దాంతో అది కథ కాకుండా ఎర అయిపోతుంది. పిల్లలు ఎరను భలే పసిగడతారు.

మొదటిసారి ఊరికే చదవండి, ప్రశ్నలు వెయ్యొద్దు. రెండు మూడు సార్లయ్యాక వేలు పెట్టి "బాబు ఎక్కడున్నాడు? నిక్కరేది?" అని అడగండి. ఇంకో రెండు రోజులకు వాక్యం చివరి మాట మింగెయ్యండి. "బాబు పాటీ మీద..." అని ఆగితే "కూచున్నాడు!" అని వాడే అరుస్తాడు. ఆ అరుపు కోసమే మన తంటాలన్నీ. ఉచ్చకూ కక్కకూ మీ ఇంట్లో ఏ మాటలు వాడితే ఇక్కడా అవే వాడండి. పుస్తకంలో వేరే మాట ఉంటే దాన్ని మార్చి చదవండి. అమ్మ ఒకటీ, నాన్న ఇంకోటీ అంటే మాత్రం ఈ రోజే ఒక ఒప్పందానికి రండి. అన్నట్టు, కక్క పేజీ దగ్గర "ఛీ" అని మొహం చిట్లించకండి. వాడు ఆ మొహాన్ని గుర్తుపెట్టుకుని కక్క బిగపట్టడం మొదలుపెడితే దాన్ని విడిపించడానికి నెలలు పడుతుంది.

ఇంకో మాట అస్సలు అనకూడదు. "చూడు, ఆ బాబు ఎంత బాగా వెళ్తున్నాడో, నువ్వెందుకు వెళ్లవు?" ఇది నేనే అన్నాను, మా పెద్దాడితో. వాడు కిక్కురుమనలేదు. మర్నాడు పుస్తకం కనిపించలేదు. నాలుగు రోజుల తర్వాత మంచం కింద, గోడవారగా దొరికింది. వాడే తోసేశాడు.

వారం చివర్లో పాటీ కుర్చీని గదిలోకి తెచ్చిపెట్టండి. బట్టలతోనే కూర్చోనివ్వండి. ఇది బ్రాజెల్టన్ చెప్పిన పద్ధతే. ఎలుగుబంటి బొమ్మను కూర్చోబెడతానంటే కూర్చోబెట్టనివ్వండి, దానికి పుస్తకం కూడా చదివి వినిపించమనండి.

రెండో వారం నుంచి పుస్తకం పాటీ దగ్గరికి రావచ్చు. ఇక్కడ మీరు రాసిన కాగితం తియ్యండి. చాలామంది పిల్లలకు కక్క తిన్న కాసేపటికి వస్తుంది. కడుపు నిండితే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. మీవాడికి కూడా అలాగే ఉంటే ఆ సమయానికి కూర్చోబెట్టండి. పాదాలు నేలకు ఆనాలి, వేలాడుతుంటే ముక్కడానికి పట్టు దొరకదు. పుస్తకం చిన్నదై ఉండాలి, మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి. మీకు పుస్తకమే గడియారం. చివరి పేజీ మూశారా, లేవాలి, వచ్చినా రాకపోయినా అంతే. "ఇంకొక్కసారి చదువుదాం, వస్తుందేమో" అని పది నిమిషాలు కూర్చోబెడితే రేపు అసలు కూర్చోడు. ఫోన్ ఇస్తే ఇంకా కూర్చుంటాడు కదా అంటారు. కూర్చుంటాడు, కానీ ఎందుకు కూర్చున్నాడో మర్చిపోతాడు. పాటీ దగ్గరి పుస్తకం మళ్లీ మంచం ఎక్కకూడదు. అట్ట పేజీలదైతే తుడవడం తేలిక.

పుస్తకాలు చెప్పని ఒక విషయం ఉంది. బాబులు కూర్చుని పోసినా ఉచ్చ ముందుకు చిమ్ముతుంది. కాస్త ముందుకు వంగి, వేలితో కిందికి నొక్కి పట్టుకోవడం నేర్పాలి. "కిందికి చూపించు" అని రోజూ ఒకే మాట అంటే అలవాటవుతుంది.

కొన్న పుస్తకం కంటే బాగా పనిచేసేది మీరే చేసిన పుస్తకం. ఆరు కాగితాలు మడిచి కుట్టండి. వాడి పాటీ, వాడి నిక్కరు, చేతులు కడిగే చోటు ఫొటోలు తీసి అంటించండి. కూర్చున్న పేజీకి మాత్రం ఫొటో వద్దు, గీతలతో బొమ్మ వెయ్యండి. బట్టల్లేని ఫొటో ఎవరి కంటా పడక్కర్లేదు. మాటలు ఇలా ఉండొచ్చు:

నేను ఆడుకుంటున్నా.
కడుపులో ఏదో అవుతోంది. అమ్మా, ఉచ్చ!
నిక్కరు కిందికి. నేను పాటీ మీద.
ఒకసారి వచ్చింది. ఒకసారి రాలేదు.
ఒకసారి నేల మీద పోయింది. తుడిచేశాం.
చేతులు కడుక్కున్నా. మళ్లీ ఆట!

'అమ్మా' బదులు వాడిని ఎక్కువగా చూసుకునేవాళ్ల పిలుపు పెట్టండి. నాలుగో పేజీ మాత్రం తీసెయ్యకండి.

కక్క గట్టిగా వచ్చి వాడు ఏడుస్తుంటే పుస్తకాలూ పాటీ రెండూ ఆపి, ముందు డాక్టరుకు చూపించండి. నొప్పి పోయేదాకా ఏ బొమ్మా వాడిని ఒప్పించలేదు. రాత్రి పక్క తడపడం వేరే విషయం, అది పగటి అలవాటు తర్వాత ఎప్పటికో తగ్గుతుంది. ఐదేళ్ల పిల్లల్లోనూ అది మామూలే.

ఈ వారం పని: రోజుకు రెండుసార్లు ఒళ్లో చదవడం, ఇంటి పుస్తకం తయారు చెయ్యడం. వాడు ఏ పేజీ దగ్గర ఎక్కువసేపు ఆగుతున్నాడో రాసి పెట్టండి. వచ్చే పాఠంలో నిలబడి పోయడం, బయటికి వెళ్లినప్పుడు ఏం చెయ్యాలనేది ఆ పేజీతోనే మొదలుపెడదాం.